కొంచెం తగ్గింది

విమానాల్లోకి భోజనాలు పంపే వంటశాలలో చలిగది తలుపు తీసి లోపలికి అడుగుపెట్టగానే నోట్లోంచి ఊపిరి పొగలా బయటికొస్తుంది. పొడవాటి బల్ల వెంబడి ఆడవాళ్లు వరసగా నిలబడి ట్రేలు సర్దుతుంటారు. ఒకామె బన్ను పెడితే పక్కామె వెన్న బిళ్ల పెడుతుంది, ఆ పక్కామె చెంచాల పొట్లం పెడుతుంది. గురువారం పొద్దున ఫువతీనో బన్నుల దగ్గర ఉంది, ఆమె పిన్ని కూతురు తిరేసా వెన్న దగ్గర.

తిరేసా మెడకు ఊలు మఫ్లరు రెండు చుట్లు చుట్టుకుని పెదాలు బిగించుకుంది. ఇంట్లోంచి బయలుదేరినప్పటినుంచి ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరైనా ఏదైనా అడిగితే తల ఊపుతోంది, లేకపోతే వేలితో చూపిస్తోంది.

"నోటికి తాళం వేసుకున్నావేంటే?" అంది తీనో. ఫువతీనోను ఇంట్లో అందరూ అలాగే పిలుస్తారు. చల్లబడి గట్టిపడ్డ బన్నొకటి తుంచి నోట్లో వేసుకుని నములుతోంది. "మధ్యాహ్నం దాకా ఇలాగే ఉంటావా? అక్కడికి వెళ్లాక నోరు తెరుచుకోకపోతే?"

తిరేసా గొంతు చూపించి చెయ్యి అడ్డంగా ఊపింది.

"దాచుకో, దాచుకో. గొంతో, బ్యాంకు లాకరో!"

బల్ల పొడవునా నవ్వులు లేచాయి. చివర కూర్చుని మూతలు అతికించే టోంగా ముసలావిడ, "తీనో, ఆ ఆదివారం పాట ఒక్కటి పాడవే. కాళ్లు కొయ్యబారిపోతున్నాయి" అంది. తీనో ముద్ద మింగేసి, చేతిలో పని ఆపకుండానే ఎత్తుకుంది. ఊపిరి కూడదీసుకోవడం లేదు, నిటారుగా నిలబడడం లేదు. బన్ను పెడుతోంది, పాడుతోంది. రెండో చరణానికి చెంచాలావిడ చేతులు ఆగిపోయాయి. మూడో చరణానికి బల్ల మొత్తం ఆగిపోయింది. సూపర్‌వైజరు తలుపు తీసి తిట్టబోయి, తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

తిరేసా ఒక్కతే వెన్న బిళ్లలు పెడుతూ పోయింది. ట్రేలు కదలకపోవడంతో అవి ఒకదానిమీద ఒకటి పడ్డాయి.

శనివారం ఒపెరా పాటల పోటీ ఫైనల్సు. దేశం మొత్తం మీద వడపోసి అయిదుగురిని మిగిల్చారు. ఆ అయిదుగురిలో ఇద్దరు ఊరి శివారు మాంగెరేలో ఒకే కుటుంబంనుంచి, ఒకే చర్చి పాటల బృందంలోంచి వచ్చిన ఈ సమోవా అక్కాచెల్లెళ్లు. గెలిచినవాళ్లకు కప్పూ పేరూ వస్తాయి. కానీ అయిదుగురి కళ్లూ కప్పు మీద లేవు. న్యాయనిర్ణేతగా వచ్చిన బ్రెన్నర్ మీద ఉన్నాయి. జర్మనీలో ఓ పెద్ద ఒపెరా థియేటరుకు కొత్త గాయకులను ఏరి తెచ్చేది ఆయనే. ఈసారి ఒక్కరిని తీసుకెళతానన్నాడు. రెండేళ్లు అక్కడే ఉండి, జీతం తీసుకుంటూ, వేదికమీద చిన్న పాత్రలతో మొదలుపెట్టి పైకి రావచ్చు. అంతకుముందు అయిదుగురినీ జనం ముందు పాడించి తప్పులు దిద్దుతానన్నాడు. ఆ పాఠం ఈ మధ్యాహ్నమే.

*

ఊళ్లోని హాలు నిండిపోయింది. ముందువరసల్లో తెల్లజుట్టు దొరసానులు, వెనక సంగీతం కాలేజీ పిల్లలు, ఓ పక్కగా పెద్దమ్మ సియేని పూల టోపీతో. పెద్దమ్మంటే తీనో తల్లి. ఇద్దరూ ఆవిడ కళ్లముందే పెరిగారు.

బ్రెన్నర్ సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. కుర్చీలో కాళ్లు చాపి కూర్చుని కమలాపండు ఒలుచుకుంటున్నాడు. మొదటి ఇద్దరికీ మర్యాదగా నాలుగు మాటలు చెప్పి పంపేశాడు. తర్వాత తీనో లేచింది.

ఆమె ఎంచుకున్నది ఇటాలియన్ పాట. చెరలో ఉన్న స్త్రీ తెల్లవారితే చావబోతూ తల్లిని తలుచుకునే ఘట్టం. పాట చివర గొంతు బాగా పైకెక్కి, అక్కడ సన్నగా, దాదాపు గుసగుసగా, ఒకే స్వరం మీద నిలబడాలి. హ్యూ పియానో మెట్లమీద చేతులు పెట్టాడు. ఊళ్లో గాయకులందరికీ వాయించేది ఆయనే.

తీనో పాడింది. పై స్వరం అందుకుని నిలబెట్టింది. అది గోడలకు తగిలి తిరిగిరాకముందే బ్రెన్నర్ చెయ్యెత్తాడు.

"మళ్లీ."

మళ్లీ పాడింది.

"మళ్లీ. ఆ చివర ఒక్కటే."

పాడింది. బ్రెన్నర్ తొన ఒకటి నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలాడు. హాల్లో ఎవరో దగ్గారు.

"శ్రుతి సరిగ్గా ఉందనుకుంటున్నావా?"

"సరిగ్గానే ఉంది సర్."

"మళ్లీ."

ఎన్నిసార్లు పాడించాడో! ప్రతిసారీ అదే ప్రశ్న. తీనో మొదట నవ్వుతూ జవాబు చెప్పింది, తర్వాత నవ్వకుండా చెప్పింది. చంకల దగ్గర గౌను తడిసి నల్లబడింది. కాలేజీ పిల్లలు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. పెద్దమ్మ విసనకర్ర ఊపడం మానేసింది.

"నీకు ఎవరు చెప్పారు పాడగలవని?" అన్నాడు బ్రెన్నర్, వాతావరణం గురించి అడిగినంత మామూలుగా.

"మా చర్చిలో అందరూ అంటారు సర్."

హాలు గొల్లుమంది. ఆమె జోకు వెయ్యలేదు. అడిగాడని చెప్పింది, అంతే.

"చర్చిలో దేవుడు వింటాడు. ఆయన దయగలవాడు. ఇక్కడ నేను వింటున్నాను. శ్రుతి సరిగ్గా ఉందా?"

తీనో రెండు చేతులూ పిరుదులకు ఆనించి తుడుచుకుంది, వంటశాలలో తుడుచుకున్నట్టే. "ఉంది సర్" అంది.

బ్రెన్నర్ పక్కకు తిరిగాడు. "నువ్వు. చెల్లెలివటగా? ఇలా రా. ఆ చివర పాడి చూపించు."

తిరేసా లేచింది. తిన్నగా నడిచి పియానో దగ్గరికి వెళ్లింది. పొద్దుటినుంచి దాచుకున్న గొంతు. ఊపిరి పొత్తికడుపు దాకా దింపుకుని, పక్కటెముకలు తెరుచుకునేదాకా ఆగి, స్వరాన్ని పైనుంచి సూదిమొన మీద దించినట్టు దించింది. అది దిగినచోటే నిలబడింది. ముందువరసలో ఒకావిడ నిట్టూర్చింది.

"ఊఁ" అన్నాడు బ్రెన్నర్. "ఇప్పుడు నువ్వు చెప్పు. మీ అక్క స్వరం తగ్గిందా?"

తగ్గలేదు. వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. తిరేసాకు అది తన పేరు తనకు తెలిసినంత బాగా తెలుసు. పియానో వెనకనుంచి హ్యూ తలెత్తి ఆమెవైపు చూశాడు. ఆ చూపులో అదే ఉంది. తీనో కూడా చూస్తోంది, ఇప్పుడు చెల్లెలు చెప్పేస్తుంది, గొడవ వదిలిపోతుంది అన్నట్టు.

"కొంచెం" అంది తిరేసా.

"కొంచెం, ఏమిటి?"

"కొంచెం తగ్గింది సర్."

హ్యూ కళ్లు దించుకుని కాగితాలు సర్దుకున్నాడు. తీనో చెవి దగ్గరికి చెయ్యి పోనిచ్చి, చెవిలో నీళ్లు పడితే చేసినట్టు తల ఓ పక్కకు వంచింది. బ్రెన్నర్ మళ్లీ పాడమన్నాడు. ఈసారి స్వరం నిజంగానే జారింది. ఇంకోసారి పాడమన్నాడు. ఇంకా జారింది.

"చాలు. వెళ్లి కూర్చో" అన్నాడాయన.

*

శుక్రవారం ప్రాక్టీసుకు తీనో రాలేదు. తిరేసా తన వంతు ముగించుకుని పెద్దమ్మ ఇంటికి వెళ్లింది. వెనక వరండాలో ఇస్త్రీబల్ల వేసుకుని తీనో ఆదివారం తెల్లబట్టలు ఇస్త్రీ చేస్తోంది. నాన్న చొక్కా, అమ్మ గౌను, మేనమామ లుంగీలా చుట్టుకునే లావాలావా. ఒక్కొక్కటీ నీళ్లు చిలకరించి, మూలలు లాగి, ఆవిరి లేచేదాకా ఒత్తుతోంది.

"ఫోన్ చేసి చెప్పేశానే, రేపు పాడనని. జలుబు చేసిందన్నాను" అంది తలెత్తకుండా.

"పిచ్చా నీకు? అక్కా, ఫైనల్సు!"

"జలుబు లేదులే. గొంతు బాగానే ఉంది. చెవే పోయింది." ఇస్త్రీపెట్టె నిలబెట్టి చొక్కా కాలరు తిరగేసింది. "చూడు, తప్పు పాడడం ఎవరికైనా ఉంటుంది. తప్పని తెలిస్తే సర్దుకుంటాం. నాకు తెలియలేదే! వందమంది ముందు 'సరిగ్గానే ఉంది, సరిగ్గానే ఉంది' అని ఎలా వాదించానో చూశావుగా. దద్దమ్మలా. ఇన్నేళ్లూ ఇలాగే పాడుతున్నానేమో. చర్చిలో పాపం ఎవరూ చెప్పలేదేమో."

"ఆయనేదో అన్నాడని..."

"ఆయన అంటే నాకేంటే? ఆ బక్కోడు నన్ను పొద్దుగూకే దాకా నిలబెట్టినా నేను ఉందనే అనేదాన్ని." తీనో మొదటిసారి తలెత్తింది. కోపం లేదు ఆ ముఖంలో. అదే ఎక్కువ కష్టంగా ఉంది చూడడానికి. "చెప్పింది నువ్వు. నీ చెవి నాకు తెలుసు. నువ్వు అబద్ధం ఆడవు. నా పరువు పోతుందని తెలిసీ నిజం చెప్పావు చూడు, అందుకే నమ్మాను."

తిరేసా వరండా కమ్మీ పట్టుకుంది. చెప్పెయ్యడానికి రెండు ముక్కలు చాలు. తగ్గలేదక్కా, అబద్ధమాడాను. పెద్దమ్మ ఇంట్లో లేదు, అడ్డొచ్చేవాళ్లు ఎవరూ లేరు. పెరట్లో కోడి ఒకటి మట్టి గీరుకుంటోంది. మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. అప్పుడే ఆమెకు ఇంకో లెక్క కూడా తట్టింది. రేపు అయిదుగురు కాదు, నలుగురు.

"వేడినీళ్లు తాగి పడుకో. ఎక్కువ ఆలోచించకు" అంది.

"పోవే, నాకు పడుకునే తీరికెక్కడిది. నీ గౌను ఇలా తే. దానిక్కూడా పెట్టేస్తాను. రేపు ముడతలతో నిలబడతావా ఆ దొరల ముందు?"

తిరేసా సంచీలోంచి నీలం పట్టు గౌను తీసి ఇచ్చింది. తీనో దానిమీద పల్చటి గుడ్డ పరిచి, వేడి తగ్గించి, పట్టు మాడకుండా అంగుళం అంగుళం ఒత్తింది.

*

శనివారం మధ్యాహ్నం ఫైనల్సులో తిరేసా ఒక్క తప్పు చెయ్యలేదు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడే తీసుకుంది, చెయ్యి ఎక్కడ ఎత్తాలో అక్కడే ఎత్తింది. విజేతగా ఆమె పేరు చదవగానే వెనకవరసల్లోంచి "చీ-హూ!" అని కేక లేచింది. మాంగెరేనుంచి రెండు వ్యాన్లలో వచ్చిన చుట్టాలందరూ లేచి నిలబడ్డారు. అందరికంటే పైన వినబడింది తీనో కేక. వేదిక దిగగానే పెద్దమ్మ చాక్లెట్లు గుచ్చిన దండ మెడలో వేసి, రెండు బుగ్గలూ తడిచేసి, "మా కడుపు చల్లగా చేశావే తల్లీ. ఒక్కతివైనా నిలబడ్డావు" అంది. తీనో దండను సరిచేసి, నీలం గౌను వెనక హుక్కు ఊడిపోతే పెట్టింది.

అప్పుడే ఒక అమ్మాయి వచ్చి బ్రెన్నర్ గారు పిలుస్తున్నారని చెప్పింది.

వేదిక వెనక ప్రాక్టీసు గదిలో ఆయన ఒక్కడే ఉన్నాడు. పియానో మూతమీద కమలాపండు తొక్క ఒకే చుట్టగా పడి ఉంది.

"కూర్చో. ఒక్క తప్పు కూడా లేదు."

"థాంక్యూ సర్."

"మెచ్చుకోవడం లేదు, చెబుతున్నాను. మీ అక్క ఎందుకు పాడలేదు?"

"జలుబు చేసింది సర్."

"ఇందాక హాల్లో అరిచింది ఆమే కదా? అలాంటి జలుబు నాకూ చేస్తే బాగుండును." ఆయన వేళ్లు రుమాలుతో తుడుచుకున్నాడు. "గురువారం ఆ స్వరం తగ్గలేదు."

తిరేసా మెడలోని దండ సవరించుకుంది.

"నాకు తెలుసు. నీకు తెలుసు. ఆ పియానో ఆయనకూ తెలుసు."

"మరి ఎందుకన్నారు సర్?" ఆమె గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"నేననలేదు. అడిగాను. అన్నది నువ్వు."

బయట కుర్చీలు మడుస్తున్న చప్పుడు. ఆయన ఆ చప్పుడు ఆగేదాకా ఆగాడు.

"మా థియేటరులో ఆమెను ఇంతకంటే ఎక్కువ నలిపేస్తారు. నా ముఖంమీద 'సరిగ్గానే ఉంది' అని ఎన్నిసార్లు చెప్పగలదో చూద్దామనుకున్నాను. చెబుతూనే ఉంది. నువ్వు నోరు విప్పేదాకా. అలాంటి గొంతు నాకు పదేళ్లకోసారి కూడా దొరకదు." పియానో మీది తొక్క తీసి బుట్టలో వేశాడు. "నీకు కప్పు వచ్చింది. దానికి నువ్వు తగినదానివే. నా థియేటరులో చోటు వేరే సంగతి, అది నా ఒక్కడి ఇష్టం. రేపు ఒంటిగంటకు ఇదే గదిలో ఉంటాను. తర్వాత నా విమానం. మీ అక్క వచ్చి ఆ చివర ఒక్కటి పాడితే చాలు, చోటు ఆమెది. రాకపోతే నిన్ను తీసుకుంటాను. నువ్వు పనికొస్తావు. నీలాంటివాళ్లు అక్కడ పడిపోరు."

"ఆమెకే ఫోన్ చెయ్యొచ్చు కదా సర్?"

"పోటీ నడిపేవాళ్లు నిన్నటినుంచి చేస్తున్నారు. ఎత్తడం లేదు. నువ్వు ఇంటిమనిషివి. నువ్వు చెప్పు."

ఆయన కోటు తొడుక్కుంటూ ఆమెను చూశాడు. ఆ చూపులో ఆసక్తి ఉంది, గురువారం తీనోను చూసినప్పుడున్నంతే.

*

ఆదివారం చర్చిలో అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. పాటల బృందం లేచి నిలబడ్డప్పుడు తీనో తన చోటులో లేదు. ముందువరసలో పైగొంతులు పాడే ఆడవాళ్ల మధ్య ఖాళీ మిగిలింది. తిరేసా వెనక్కి చూసింది. తీనో చివరివరసలో, కిందిగొంతులు పాడే పెద్దవాళ్ల మధ్య, పుస్తకం ముఖానికి దగ్గరగా పట్టుకుని నిలబడి ఉంది. పాట మొదలైంది. ప్రతివారం పైకప్పు ఎగిరిపోయేలా పాడే మనిషి పెదాలు కదుపుతోందే గాని, ఆమె గొంతు ఎక్కడా వినబడలేదు. పాస్టరుగారు ఒకసారి తలెత్తి బృందంవైపు వెతుకుతున్నట్టు చూశారు.

ప్రార్థన అయ్యాక అందరూ పెద్దమ్మ ఇంటికి భోజనానికి వచ్చారు. వేడిరాళ్లు పేర్చిన పెరటిపొయ్యిలో పొద్దున్నే కాల్చిన చేమదుంపలు, కొబ్బరిపాలు పోసి చుట్టిన చేమాకు పొట్లాలు, పందిమాంసం, సేమ్యా కూర. పెద్దవాళ్లు చాపల మీద కూర్చుంటే తీనో, తిరేసా వడ్డించారు. వంటింటి గోడగడియారంలో ముల్లు పన్నెండు దాటింది. కారులో ఊళ్లోకి అరగంట. మేనమామ కారు తాళాలు ఫ్రిజ్ మీదే ఉన్నాయి.

తీనో గిన్నె అడుగున మిగిలిన కొబ్బరిపాలు గరిటెతో గీకుతోంది. గీకుతూ గీకుతూ, వీపు ఇటే పెట్టి అడిగింది.

"నిన్న ఆ బక్కోడు పిలిచాడుగా. నా గురించేమన్నా అన్నాడా?"

తిరేసా చేతిలో దుంపల పళ్లెం ఉంది. దాన్ని బల్లమీద పెట్టింది. పెట్టాక మళ్లీ కాస్త లోపలికి జరిపింది.

"లేదక్కా. నీ ఊసే ఎత్తలేదు."

గరిటె ఆగింది. తీనో భుజాలు కిందికి దిగాయి. ఏడుస్తుందేమోననుకుంది తిరేసా. తీనో ఇటు తిరిగి నవ్వింది.

"హమ్మయ్య. రాత్రంతా నిద్రపట్టలేదే. ఒక్క మంచిమాట అని ఉంటే చచ్చేదాన్ని. మళ్లీ ఆశ పుట్టేది, మళ్లీ పరిగెత్తేదాన్ని, మళ్లీ అందరి ముందూ... పోనీలే. ఇంక నిమ్మళంగా ఉంటాను." గరిటె నాకి చెల్లెలి నోటి దగ్గర పెట్టింది. "ఉప్పు సరిపోయిందా చూడు. నాలుకా పోయిందేమో నాకు."

"సరిపోయింది" అంది తిరేసా.

ఒంటిగంట దాటాక, వాళ్లు పళ్లేలు తీస్తుండగా తిరేసా ఫోను మోగింది. తీనో చూసి, "నీ దొరే! ఎత్తు, ఎత్తు, పండు ఒలిచిపెట్టమంటాడేమో" అని చేతిలో పెట్టి తోసింది. తిరేసా పెరట్లోకి నడిచి, చల్లారిన పొయ్యిరాళ్ల దాకా వెళ్లాక ఎత్తింది.

"ఆమె రాలేదు" అన్నాడు బ్రెన్నర్.

"రానంది సర్."

"చెప్పావా?"

"చెప్పాను."

అవతల ఆయన చిన్నగా నవ్వినట్టు ఊపిరి వదిలాడు.

"మంచిది. సెప్టెంబరులో రా. కోటు దళసరిది తెచ్చుకో."

ఆమె ఫోను దించేసరికి తీనో వెనకే ఉంది, తడిచేతులు గౌనుకు అంటకుండా పైకెత్తి పట్టుకుని. "ఏమన్నాడే?"

"సెప్టెంబరులో రమ్మన్నాడు."

తీనో అక్కడే, పెరట్లోనే, ఆమెను ఎత్తి గిరగిరా తిప్పింది. చెయ్యి పట్టుకుని లోపలికి ఈడ్చుకెళ్లి చాపల మధ్య నిలబెట్టి, "అమ్మా! మన తిరేసా జర్మనీ వెళుతోంది! జీతం ఇచ్చి పాడించుకుంటారట!" అని చాటింది. పెద్దమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. పాస్టరుగారు పళ్లెం పక్కన పెట్టి మోకాళ్లమీదికి లేచారు. అందరూ తలలు వంచారు.

పాస్టరుగారు నెమ్మదిగా, మాట మాటకూ ఆగుతూ ప్రార్థించారు. ఈ ఇంటికి ఇచ్చిన గొంతు కోసం దేవుడికి కృతజ్ఞతలు చెప్పారు. అక్క తన ఓటమిని మింగి చెల్లెలి గెలుపుకు సంతోషించే మనసిచ్చినందుకు చెప్పారు. నిజం చెప్పే నాలుకలను దీవించమని అడిగారు. తీనో కళ్లు గట్టిగా మూసుకుంది. ఆమె తడిచెయ్యి తిరేసా చేతిని వదల్లేదు. తిరేసా కళ్లు తెరుచుకునే ఉన్నాయి. వంచిన తెల్లటి వీపులనూ, చల్లారుతున్న మాంసం మీద వాలిన ఈగనూ చూస్తూ, ఊపిరి పొత్తికడుపు దాకా తీసుకుంది. ఆమెన్ చెప్పాల్సిన చోటు రాగానే అందరికంటే ముందుగా, స్పష్టంగా చెప్పింది.